బయట ఉన్నవారికే స్వాగతం

మునగలపాలెం యూదుల సమాజమందిరంలోకి కెజియాను ఎవరూ ఎన్నడూ ఆహ్వానించలేదు. ఆ అవకాశం ఆమె ఎవరికీ ఇవ్వలేదు. నెలల పిల్లగా తల్లి చంకనెక్కి వచ్చింది, నడక వచ్చాక తన కాళ్ళ మీద వచ్చింది, ముప్ఫయ్యారేళ్ళుగా వస్తూనే ఉంది.

మందిరమంటే పెద్ద కట్టడమేమీ కాదు. నలభై ఇళ్ళవాళ్ళు ఇటుకలు మోసి కట్టుకున్న రేకుల హాలు. మిరపకోతలకూ పసుపు తవ్వకాలకూ వెళ్ళే జనం శుక్రవారం పొద్దుగుంకేసరికి పనులాపి, శనివారం ఉదయం తెల్లబట్టల్లో వచ్చి కూర్చుంటారు. తూర్పుగోడ బీరువాలో యూదుల ధర్మగ్రంథమైన తోరా ఉంది, తోలు మీద చేత్తో రాసిన చుట్ట. హీబ్రూ అక్షరాలు, అచ్చుల గుర్తులు లేని ఉత్త హల్లులు. వాటిని తడుముకోకుండా చదవగలిగింది ఆ ఊళ్ళో కెజియా ఒక్కతే. కళ్ళు మసకబారుతున్నప్పుడు ప్రార్థన పెద్ద హగ్గయి తాత ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. ఆడమనిషి చదవవచ్చునా అనే చర్చ తొమ్మిదేళ్ళ కిందట ఒక పూట జరిగింది. "కూడదన్నోళ్ళు వచ్చి చదవండయ్యా" అన్నాడు హగ్గయి తాత. చర్చ అక్కడితో ముగిసింది. మొన్న వేసవిలో ఆయన పోయాక ప్రార్థన పెద్ద కుర్చీ ఖాళీ అయింది. పండుగలు దాటాక అందులో కెజియా కూర్చుంటుందని అందరూ అనుకున్నారు.

కెజియా, సుగుణ పదకొండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. సుగుణ ఊరి ఆరోగ్యకేంద్రంలో నర్సు. యూదురాలు కాదు, కానీ శుక్రవారం దీపాలకు ఒత్తులు చేసేది ఆవిడే. ఇద్దరి సంగతీ ఊరికి తెలుసు. దానికొక పేరు పెట్టి పిలవాలని ఊరికి తోచలేదు, చెప్పాలని కెజియాకు ధైర్యం చాలలేదు.

అంతా ఇలా సాఫీగా సాగుతుండగా ఆగస్టు నెలాఖరులో సమాజమందిరాల సమాఖ్య నుంచి ఉత్తరం వచ్చింది. స్త్రీని ప్రేమించే స్త్రీలను, పురుషుణ్ణి ప్రేమించే పురుషులను, పుట్టినప్పుడు రాసిన ఆడ మగ తమది కాదని తెలుసుకున్నవారిని ప్రార్థనలోకీ పెద్దరికంలోకీ మనసారా ఆహ్వానించమని అందులో ఉంది. ఉత్తరం మంచిది. రాసినవాళ్ళ మనసూ మంచిదే. చిక్కంతా దాని వెనక జతచేసిన ఫారంతో వచ్చింది. ఆ ఫారం నింపి పంపిన మందిరానికి రాగి ఫలకం ఇస్తారట.

మందిరం అధ్యక్షుడు నప్తాలి తహసీల్దారు ఆఫీసులో ముప్ఫయి మూడేళ్ళు చేసి సూపరింటెండెంటుగా రిటైరైనవాడు. ఎందరివో శిలాఫలకాలకు సిమెంటు, ఇసుక సమకూర్చాడు గాని, తన పేరున్న ఫలకం ఒక్కటీ లేదు. ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని, ఆ ఆదివారమే సమావేశం పెట్టాడు.

"విషయము, స్వాగతించుట గురించి. సూచిక, సమాఖ్య వారి ఉత్తరము," అని మొదలుపెట్టాడు. "సదరు ఉత్తర్వుల అమలు నిమిత్తం మనకు ఒక వ్యక్తి అవసరమై ఉన్నది. అట్టి వ్యక్తి ఎవరైనా మన పరిధిలో కలరా?"

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పిల్లలకు అక్షరాలు నేర్పే బల్ల మీద సుద్దముక్కలు ఏరుతున్న కెజియా తలెత్తలేదు.

"మన కెజియా లేదంట్రా? కళ్ళెదురుగానే ఉంటే కలరా, కలరా అంటావేంది, జబ్బుమాటలు," అంది యెమీమా. ఆవిడ నప్తాలికి మేనత్త. ఎనభై దాటిన మనిషి, హాల్లో ఆయన్ని అరేయ్ అనగలిగింది ఆవిడొక్కతే.

కెజియా చెవులు వేడెక్కాయి. కానీ ఎవరూ నవ్వలేదు, ఎవరూ గుసగుసలాడలేదు. పక్కనున్న ఆడవాళ్ళు "అవునవును" అని తలలూపారు, చాలా రోజులుగా వెతుకుతున్న గరిటె వంటింట్లోనే దొరికినట్టు. కెజియా గుండె తేలికపడింది. అది తేలికగా ఉన్నది సుమారు రెండు నిమిషాలు.

కార్యదర్శి ఓబద్యా ఫారం నింపబోయి ఆగాడు. "నాలుగో గడిలో స్వాగతించబడిన తేదీ రాయమంటున్నారండీ. కెజియమ్మని ఎప్పుడు స్వాగతించాం?"

"ఎప్పుడూ స్వాగతించలేదు," అన్నాడు నప్తాలి. ఆయన మొహం గంభీరమైంది. "అయితే ఇప్పుడు స్వాగతించాలి. స్వాగతించుట అనగా బయటనుండి లోనికి పిలుచుట. ఆమె లోపలే ఉన్నది. లోపల ఉన్న మనిషిని లోపలికి పిలవడానికి నిబంధనలు అంగీకరించవు."

"మరెట్టా?"

"ఏముంది, ముందు బయటకు పంపాలి." ఆయన కెజియా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఒక్క వారమేనమ్మా. నిన్ను ఘనంగా పిలుచుకోవడానికే. ఇందుమూలంగా తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు సదరు కెజియా గారు హాలు గడప బయట ఉండవలసినదిగా తీర్మానించడమైనది."

కెజియాకు నవ్వొచ్చింది. "సర్లే బాబాయ్, ఒక్క వారమేగా," అంది.

ఆ శనివారం గేటుకు కమాను కట్టారు. ఫ్లెక్సీలో నప్తాలి నిలువెత్తు ఫోటో, దాని కింద బంగారు రంగులో పెద్ద అక్షరాలు. గేటు బయట దండ కోసం ఎదురుచూస్తూ నిలబడ్డ కెజియా తలెత్తి చదివింది.

"బాబాయ్, సుస్వగతం అని పడింది. దీర్ఘం ఎగిరిపోయింది."

నప్తాలి వెనక్కి నాలుగడుగులు వేసి చూశాడు. స్వగతమంటే నాటకాల్లో మనిషి తనలో తాను మాట్లాడుకునే మాట. తప్పుల తడకతో స్వాగతించడం మర్యాద కాదని, కొత్త ఫ్లెక్సీ వచ్చేదాకా కార్యక్రమం వాయిదా వేశాడు. జనం లోపలికి వెళ్ళారు. కెజియా కమాను కింద నిలబడి ఆ వారం భాగాన్ని తనలో తాను చదువుకుంది. ఫ్లెక్సీ రాసినవాడు అంత తప్పేమీ రాయలేదనిపించింది.

రెండో శనివారానికి ఫ్లెక్సీ వచ్చింది గాని, ఫారానికి అనుబంధం-బి కావలసి వచ్చింది. అది నప్తాలి స్వయంగా చేర్చిందే. సదరు వ్యక్తి నిజముగా సదరు వ్యక్తియే అని ఒక గెజిటెడ్ అధికారి ధ్రువీకరించాలి. ఊళ్ళో గెజిటెడ్ అధికారి ఆరోగ్యకేంద్రం డాక్టరు ఒక్కడే. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి సుగుణను పిలిచాడు.

"సిస్టర్, దేనికమ్మా నేను సంతకం పెట్టాలి?"

"మా ఇద్దరి సంగతి నిజమేనని సార్."

"నాకెట్టా తెలుస్తుంది? మధ్యాహ్నం క్యారేజీ తెరిచి కూరలో ఉప్పు తక్కువైందని నువ్వు ఫోన్లో ఆమెతో పోట్లాడటం విన్నాను. అదైతే రాసిస్తాను."

అదే రాసిచ్చాడు, ముద్ర కూడా వేశాడు. నప్తాలి దాన్ని పరిశీలించి, ఉప్పు ప్రస్తావన అనుకూలమే గాని చాలదని, ఇరుగుపొరుగు వాంగ్మూలం కూడా జతపరచాలని అన్నాడు. యెమీమా చెప్పింది, ఓబద్యా రాసుకున్నాడు. "పదకొండేళ్ళబట్టి ఇద్దరూ ఒకే గొడుగులో పోతంటే చూస్తన్నా. వానొస్తే ఎప్పుడూ కెజియా ఎడం భుజం తడిసుద్ది. సుగుణ మీద చుక్క పడదు. ఇంతకంటే నాకు తెలీదు." ఓబద్యా అక్షరం మార్చకుండా రాసుకున్నాడు. తర్వాత వేలిముద్ర వేయించుకుని ఫైల్లో పెట్టాడు.

మూడో శనివారానికి అన్ని కాగితాలూ సిద్ధమయ్యాయి. కానీ స్వాగతోపన్యాసం సిద్ధం కాలేదు. అప్పటికి పదిహేడు పేజీలయింది, ఇంకా పీఠికలోనే ఉంది. ఆ రోజు కెజియా కిటికీ పక్కన నిలబడింది. లోపల తోరా చదవడానికి మనిషి లేక ఓబద్యా కూడబలుక్కుంటున్నాడు. ఒక మాట దగ్గర తప్పాడు. కెజియా పెదవి కొరుక్కుంది. మళ్ళీ తప్పాడు. మూడోసారి తప్పేసరికి ఆమె కిటికీ ఊచలు పట్టుకుని గట్టిగానే సరిదిద్దింది. పిల్లలంతా సంతోషంగా అటు తిరిగారు.

నప్తాలి లేచి వచ్చాడు. "అమ్మా, బయటి వ్యక్తులు లోపలి కార్యక్రమాలలో జోక్యం చేసుకొనుట సమంజసం కాదు." ఆ మాట ప్రేమగానే అన్నాడు. కిటికీ కూడా ప్రేమగానే మూశాడు.

కెజియా ఇంటికొచ్చి గుమ్మంలోనే కూర్చుంది. సుగుణ వచ్చి పక్కన కూలబడింది.

"పేరు లేకుండా ఉన్నన్నాళ్ళూ లోపలున్నా," అంది కెజియా. "పేరు పెట్టారు, బయటున్నా. ఇంక వాళ్ళు పిలిచినప్పుడే పోతా సుగుణా. పిలవందే గడప తొక్కను."

ఆమె కళ్ళలో నీళ్ళు చూసి సుగుణకు ఒళ్ళు మండింది. కానీ ఆవిడా ప్రభుత్వ ఉద్యోగే. ఒళ్ళు మండినప్పుడు ఏం చేయాలో తెలుసు. తెల్లకాగితం తీసి అర్జీ రాసింది.

"ఏంది సుగుణమ్మా ఇది?" అన్నాడు నప్తాలి అందుకుంటూ.

"చదవండి బాబాయ్ గారూ. స్వాగతం జరగలేదని కెజియా ఒక్కదాన్నే బయట పెట్టారు. మిగతావాళ్ళను ఏ తేదీన స్వాగతించారో చూపించండి. చూపించలేకపోతే అది వివక్ష కాదా? మీ సమాఖ్య ఉత్తరంలోనే ఉంది, వివక్ష కూడదని."

ఇంకొకడైతే కాగితం చించి పారేసేవాడు. నప్తాలి అలాంటివాడు కాదు. నియమమంటే అందరికీ నియమమేనని నమ్మి, ఆ నమ్మకం కోసం ఒకసారి సొంత బావమరిది రేషన్ కార్డును కూడా రద్దు చేసినవాడు. "మీ అర్జీ విచారణార్హమైనది," అన్నాడు.

నాలుగో శనివారం ప్రార్థనకు బదులు విచారణ జరిగింది. ఓబద్యా పాత రిజిస్టర్లన్నీ దింపి, ఫారంలో లాగే ప్రతి పేజీలోనూ నాలుగో గడిగా స్వాగత తేదీకి గీతలు కొట్టాడు. ఒక్కొక్కరినీ లేపి, స్వాగతించబడిన తేదీ అడిగారు. ఎవరికీ లేదు. అందరూ అమ్మల చంకనెక్కి వచ్చినవాళ్ళే, లేదంటే పెళ్ళాడి వచ్చినవాళ్ళు. తేదీ లేని సభ్యులెవరూ లోపల ఉండరాదని నప్తాలి తీర్మానం రాయించాడు, అందరూ ఒక్కొక్కరే బయటకు నడిచారు. ముందు కుర్రకారు, తర్వాత పిల్లల తల్లులు. యెమీమా మాత్రం కుర్చీ తెస్తేనే బయటికొస్తానని భీష్మించింది, తెచ్చారు. గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"ఒరేయ్ నప్తాలీ, నిన్నెవరు పిలిచార్రా? మీ నాన్న చెవి పట్టుకు లాక్కొచ్చేవాడు, నేను చూళ్ళేదా?"

నప్తాలి తన పేరున్న పేజీ తెరిచాడు. నాలుగో గడి ఖాళీ.  తర్వాత రిజిస్టరు మూసి, చంకన పెట్టుకుని, తలెత్తుకునే బయటికి నడిచాడు. ఓబద్యా వెనకే వచ్చాడు. రిజిస్టర్లన్నిటిలోనూ స్వాగతం సంపూర్ణంగా జరిగినట్టు దొరికిన నమోదు ఒక్కటే. తోరా చుట్ట ఓడరేవు నుంచి ఊరికొచ్చిన నాటిది. "మేళతాళములతో ఆహ్వానించి లోనికి తోడ్కొని రావడమైనది." దాంతో హాల్లో ఉండటానికి అర్హత ఆ చుట్ట ఒక్కదానికే మిగిలింది.

అదృష్టం కొద్దీ ఆ వారం పర్ణశాలల పండుగ వచ్చింది. ఆ పండుగకు ఎలాగూ ఆరుబయట తాటాకుల పందిరి వేసుకుని అందులోనే తింటారు. ఆవరణలో పందిరి వేశారు, గోంగూరపచ్చడీ, అన్నాలూ తెచ్చుకున్నారు. కెజియా తనకు కంఠతా వచ్చిన ప్రార్థనలన్నీ అక్కడే చెప్పించింది. అందరూ బయటే ఉన్నారు గనక ఆమెను బయటే ఉండమనడానికి ఎవరూ లేరు. నప్తాలి కూడా చాప మీద కూర్చుని, "ఈ ఏర్పాటు తాత్కాలికమే సుమా," అంటూ రెండోసారి పచ్చడి వడ్డించుకున్నాడు.

ఎనిమిది రోజులు హాయిగా గడిచాయి. తొమ్మిదో రోజు తోరా సంబరం. ఏడాది పొడుగునా వారానికో భాగంగా చదువుతూ వచ్చిన తోరా ఆ రోజు ముగుస్తుంది, ముగిసిన మరుక్షణం మళ్ళీ మొదటి వాక్యం అందుకోవాలి. చుట్టను ఎత్తుకుని అందరూ ఆడతారు. ఆ హాలు కట్టాక ఏ ఏడూ అది ఆగలేదు. తుపాను వచ్చి రేకులు లేచిపోయిన ఏడు కూడా. ఇప్పుడు చుట్ట లోపలుంది, జనం బయటున్నారు.

"పోయి తెచ్చుకుందాం పదండి," అన్నారెవరో.

"స్వాగతం లేనిదే ప్రవేశం లేదు," అన్నాడు నప్తాలి. ఆయన గొంతులో మునుపటి ధాటి లేదు. "స్వాగతించాలంటే లోపల మనిషుండాలి. లోపల ఎవరూ లేరు. సమాఖ్యకు రాశాను, జవాబు లేదు. తీర్మానం మార్చాలంటే సమావేశం హాల్లోనే జరగాలి." ఆయన కెజియా దగ్గరకొచ్చాడు. "కేసు చిక్కుపడిందమ్మా. నువ్వే లోపలికి పోయి తెచ్చేయి. నేను చూడనట్టు అటు తిరుగుతా."

ముప్ఫయి మూడేళ్ళ సర్వీసులో ఆయన అన్న అతి పెద్ద మాట అదేనని కెజియాకు తెలుసు. అయినా తల అడ్డంగా ఊపింది. "దొంగచాటుగానా బాబాయ్? పిలిస్తే పోతా."

అప్పుడే ఉదయం డ్యూటీ దిగి, తెల్లకోటుతోనే సుగుణ గేట్లోకి వచ్చింది. సంగతి విని నప్తాలి వైపు చూసింది. "మీ తీర్మానంలో ఎవరు లోపలికి పోకూడదని ఉంది?"

నప్తాలి చంకలోని రిజిస్టరు తీసి చదివాడు. "సభ్యులు."

"నేను సభ్యురాలినా?"

ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు, మళ్ళీ చదివాడు. మొహం మెల్లగా విప్పారింది. "కాదు. అతిథుల విషయమై తీర్మానం మౌనంగా ఉన్నది! మౌనంగా ఉన్నదమ్మా!"

సుగుణ కుళాయి దగ్గరకెళ్ళి, కాన్పుకు ముందు కడుక్కున్నట్టు మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. బీరువా కిర్రుమంది. కాసేపటికి లోపలినుంచి గొంతు వినపడింది. "పసిపిల్లకైతే మెడ కింద చెయ్యేస్తాం. దీనికి మెడ యాడుందే?"

"కింద కర్రలు రెండూ పట్టుకుని భుజానికి ఆనించుకో!" అని అరిచింది కెజియా.

సుగుణ గుమ్మంలోకి వచ్చింది. పండుముసలివాళ్ళ నుంచి బడిపిల్లల దాకా అందరూ లేచి నిలబడ్డారు. ఆవిడ వేలకొద్దీ బిడ్డల్ని ఎత్తి తల్లుల చేతుల్లో పెట్టిన మనిషి. అలాగే, ఆ జాగ్రత్తతోనే, తోరాను తెచ్చి కెజియా చేతుల్లో పెట్టింది.

కెజియా చదివింది. చివరి వాక్యం అయ్యీ కాకముందే మొదటి వాక్యం అందుకుంది. ఒక్క అక్షరం తప్పలేదు. తర్వాత ఆటలు మొదలయ్యాయి. యెమీమా కుర్చీలో కూర్చునే భుజాలు ఆడించింది. ఓబద్యా ఒక చిందు వేయబోయి పందిరి గుంజకు గుద్దుకున్నాడు.

అంతలో తూర్పున మబ్బు కమ్మి టపటపా చినుకులు పడ్డాయి. తోలు తడిస్తే అక్షరాలు పోతాయి. సుగుణ చుట్టను అందుకుని, కోటు కప్పి, ఒక్క పరుగున హాల్లోకి వెళ్ళి బీరువాలో పెట్టింది. తిరిగి చూస్తే నలభై ఇళ్ళ జనం వానలో తడుస్తూ గడప అవతల నిలబడి ఉన్నారు.

"అట్టా తడుస్తా నిలబడ్డారేంది? లోపలికి రండి!"

ఎవరూ కదల్లేదు. అందరూ నప్తాలి వైపు చూశారు. ఆయన బట్టతల మీదుగా వాన కారుతోంది. "సుగుణమ్మా, లోపల ఉన్న వ్యక్తిగా, బయట ఉన్న వ్యక్తులను, లోనికి రావలసినదిగా పిలుస్తున్నావా?"

"పిలుస్తున్నా! ముసలామెకు జలుబు చేసుద్ది, రండి మహాప్రభో!"

జనం ఒక్క తోపున లోపల పడ్డారు. అందరికంటే చివర కెజియా గడప దగ్గర ఆగింది. వాన ఆమె రెండు భుజాల మీదా పడుతోంది. సుగుణ చెయ్యి చాచింది. "నిన్ను వేరేగా పిలవాలా? రావే." కెజియా లోపలికి వచ్చింది.

నప్తాలి తడిచేతులు తుడుచుకుని, రిజిస్టరు తెరిచి, ఒక్కొక్క పేరుకెదురుగా నాలుగో గడిలో ఆ రోజు తేదీ వేశాడు. ఖాళీ గడి ఒక్కటీ ఉంచలేదు. చివర్లో కలం ఆపాడు.

"స్వాగతం పలికినవారు, సుగుణ. సరే. హోదా?"

"స్టాఫ్ నర్సు," అంది సుగుణ.

"అది ఆసుపత్రిలో. ఇక్కడ, సభ్యులతో గల సంబంధం రాయాలి."

 రేకుల మీద వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. కెజియా సుగుణ వైపు చూసింది, తర్వాత చుట్టూ తడిసి ముద్దయిన మొహాల వైపు చూసింది. చిన్నప్పటి నుంచీ ఎరిగిన మొహాలు.

"రాయి బాబాయ్," అంది. "మా ఆవిడ."

నప్తాలి చాలాసేపు ఆలోచించాడు. నొసలు ముడిపడింది. 

"ఆవిడ అనేది సర్వనామం," అన్నాడు చివరికి. "రికార్డులో సర్వనామం చెల్లదమ్మా. ఆడిట్‌లో పట్టుకుంటారు. భార్య అని రాస్తున్నాను."

రాశాడు, కింద గీత కూడా కొట్టాడు.

"ఏం రాశావురా? వాన హోరుకు వినపడ్లా, గట్టిగా చదువు," అంది యెమీమా.

నప్తాలి లేచి నిలబడి, ఆఫీసులో గెజిట్ చదివే గొంతుతో చదివాడు. "స్వాగతం పలికినవారు, సుగుణ గారు. ఈ మందిరపు ప్రార్థన పెద్ద కెజియా గారి భార్య."

"ఇంకోసారి," అంది యెమీమా.

ఆవిడకు మొదటిసారే వినపడిందని అక్కడ అందరికీ తెలుసు. నప్తాలి గొంతు సవరించుకుని, మరింత గట్టిగా మళ్ళీ చదివాడు.